వాడు మానేసిన మందులు

బస్టాండులో ఆమె అసలు పేరు ఎవరికీ పట్టలేదు. డ్రైవర్ల దగ్గర్నుంచి టీ కొట్టు వాళ్ల దాకా అందరికీ ఆమె మైకక్కే. మెట్ల కింద ఇరుకు గది, ముందు దుమ్ము పట్టిన అద్దం, బల్ల మీద మైకు, నెత్తి మీద కిర్రుకిర్రుమనే ఫ్యాను. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీదికొస్తుందో, ఏది ఎంత ఆలస్యమో ఆమె నోట విన్నాకే జనం కదిలేవారు. ఆ గొంతులో తొందర ఉండేది కాదు. "పరిగెత్తకండి, బస్సు మిమ్మల్ని ఎక్కించుకునే వెళ్తుంది" అని ఆమె అంటే, మూటలతో ఆయాసపడుతున్న ముసలివాళ్లు ఓ క్షణం ఆగి బరువు చేయి మార్చుకునేవారు.

ఆ గొంతుకి దగ్గు పట్టుకుంది. మొదట్లో ఆమె లెక్కచేయలేదు. బస్టాండన్నాక పొగ, దుమ్ము మామూలే. వేడినీళ్లు తాగింది, ఏవో బిళ్లలు చప్పరించింది. ఒకరోజు ఉదయం, జనం కిటకిటలాడుతున్న వేళ, మైకు మీట నొక్కి నోరు తెరిచిందో లేదో, దగ్గు తెర తగులుకుంది. మీట వదలడానికి కూడా చేయి ఆడలేదు. ప్రతి స్పీకరులోంచీ బస్టాండంతా ఆ దగ్గు వింది. బయట ఎవరో నవ్వారు. అది ఆగకపోయేసరికి ఆ నవ్వూ ఆగిపోయింది.

డిపో మేనేజరు తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. మంచి మనిషే. కాకపోతే గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"మీ ఇంట్లో ఆ జబ్బు మనిషి ఉన్నాడు కదమ్మా," అన్నాడు నేల చూపులు చూస్తూ. "ఒకసారి చూపించుకుని రండి."

ఆయన చెప్పక్కర్లేదు. ఆ దగ్గుని ఆమె ఎక్కడున్నా గుర్తుపడుతుంది. ఇంట్లో చెక్క అడ్డుగోడ అవతల నుంచి ఏళ్లుగా వింటున్న దగ్గు అది. తమ్ముడి దగ్గు.

తమ్ముడు భవనాలకి రంగులు వేసేవాడు. పెద్ద పెద్ద మేడల బయట తాళ్ల ఊయలలో వేలాడుతూ, కింద పోయేవాళ్లతో కబుర్లు చెప్పేంత మాటకారి. తల్లి పోయేనాటికి వాడు లాగు కూడా తిన్నగా తొడుక్కోలేని పిల్లాడు. అక్కే అమ్మయి పెంచింది. పెళ్లి మాట ఎత్తేవాళ్లు లేక, ఎత్తినా వినే తీరిక లేక, ఆమెకి ఆ వయసు దాటిపోయింది.

మొదటిసారి వాడికి క్షయ అని తెలిసినప్పుడు, ఆరు నెలలు మాత్రలు మింగితే పోతుందన్నారు. బుద్ధిగానే మొదలుపెట్టాడు. రెండో నెల దాటేసరికి మొహంలోకి రక్తం వచ్చింది, ఆకలి పుట్టుకొచ్చింది, దగ్గు మాయమైంది. సరిగ్గా అప్పుడే మేస్త్రీ నుంచి కబురు, వేరే ఊళ్లో పెద్ద పని ఉందని. "జబ్బు లేనోడికి మందులెందుకక్కా" అని నవ్వేశాడు. చిలక్కి చెప్పినట్టు చెప్పింది. అన్నింటికీ సరేనన్నాడు, ఆమె ఇచ్చిన మాత్రలు కూడా వేసి సంచి సర్దుకున్నాడు, వెళ్లాడు. వెళ్లినవాడు సగం మనిషై తిరిగొచ్చాడు.

మళ్లీ మందులు, మళ్లీ తగ్గడం, మళ్లీ మానేయడం. మధ్యలో ఎక్కడో డాక్టరు కాని డాక్టరు పొడిచిన సూదులు, ఇంకెక్కడో మందుల షాపువాడు ఏ చీటీ అడక్కుండా చేతిలో పోసిన గోళీలు. మూడోసారి మంచం పట్టినప్పుడు ఛాతీ ఆస్పత్రి డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, "ఇది మొండి టీబీ, పాత మందులకి ఇక లొంగదు" అని చెప్పి కొత్త మందులు మొదలుపెట్టింది.

ఆ రోజు నుంచి అక్క వాణ్ణి కంటికి రెప్పలా కాదు, కాపలా కుక్కలా చూసుకుంది. పొద్దున్నే మాత్రలు అరచేతిలో పోసి, గ్లాసు చేతికిచ్చి, మింగేదాకా ఎదురుగా నిలబడేది. "నోరు తెరు. నాలుక ఎత్తు." జైల్లో కూడా ఇంత సోదా ఉండదని వాడు నవ్వేవాడు. అయితేనేం, ఈసారి మానలేదు. కఫంలో పురుగు కనపడటం లేదన్నారు. హమ్మయ్య అని ఆమె ఊపిరి పీల్చుకునే వేళకి, ఆ ఊపిరికే ముప్పు వచ్చి పడింది.

డాక్టరమ్మ గదిలో కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. ఆవిడ మాస్కు పైన కళ్లు ఎప్పుడూ సగం నిద్రలో ఉన్నట్టుంటాయి. రిపోర్టు రెండుసార్లు చదివింది.

"అదేనమ్మా," అంది చివరికి. "టీబీ. అందులోనూ మొండిదే."

"మొండిదెలా అవుతుందండీ?" మైకక్క గొంతు పెరగలేదు. "ఇంతవరకూ నేనొక్క మాత్ర మింగలేదు. మింగి మానేస్తే కదా అది మొండికేసేది? నేనేం మానేశాను?"

"మీరు కాదు, మీ తమ్ముడు మానేశాడు." డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "మందు పడగానే పురుగులు గుంపులు గుంపులుగా చస్తాయి. మనిషికి హాయిగా ఉంటుంది, జబ్బు పోయిందనుకుంటాడు. లోపల ఇంకా కొన్ని మిగిలే ఉంటాయి. వాటిల్లో ఆ మందుని తట్టుకునేవి ఏ కాసిన్నో ఉన్నాయనుకోండి, మిగతావి చచ్చాయి కాబట్టి చోటంతా వాటిదే. మందు పూర్తిగా పడితే అవీ పోయేవి. సగంలో వదిలేస్తే అవే పెరుగుతాయి. మళ్లీ కొన్నాళ్లు వేసి మళ్లీ వదిలేస్తే ఇంకా ముదురుతాయి. అలా ముదిరింది అతని దగ్గులోంచి మీ ఒంట్లోకి వచ్చింది. అది మీ దగ్గర మొండిదవలేదు, మొండిదయ్యే వచ్చింది."

"అంటే నా తప్పేం లేదు."

"ఏం లేదు."

"అయినా అవే మందులు మింగాలి."

"అవే మందులు." డాక్టరమ్మ రిపోర్టు మడిచింది. "ఇదివరకు ఈ రిపోర్టుతో ఎవరొచ్చినా, మందులెందుకు మానేశారని గట్టిగా కోప్పడేదాన్ని. ఈమధ్య వచ్చేవాళ్లలో చాలామంది మీలాంటివాళ్లే. ఎవర్ని కోప్పడాలో తెలీడం లేదు."

ఇంటికెళ్లేసరికి తమ్ముడు బాల్కనీలో తడి బట్టలు ఆరేస్తున్నాడు. అక్క మొహం చూశాడు, చేతిలోని సంచి చూశాడు. ఆ సంచిలో ఏముంటుందో వాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పిండిన చొక్కా చేతిలో అలాగే పట్టుకుని నిలబడితే, నీళ్లు వాడి పాదాల మీద చుక్కలు చుక్కలుగా పడ్డాయి.

"నన్ను తిట్టక్కా," అన్నాడు.

"ఓపిక లేదురా," అని ఆమె లోపలికెళ్లి పడుకుంది.

తిట్టకపోవడమే వాడికి పెద్ద శిక్షయింది. ఆ వాగుడుకాయ నోటికి తాళం పడింది. ఇల్లు ఊడ్చేవాడు, వండేవాడు, కిటికీలు తెరిచేవాడు. ఇద్దరూ పొద్దున్నే ఒకే బల్ల దగ్గర చెరో వైపు కూర్చుని, చెరో గుప్పెడు మాత్రలు మింగి, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా లేచేవారు.

మొదటి వారాల్లో ఆమె పళ్ల బిగువున నెట్టుకొచ్చింది. మాత్రలు మింగిన కాసేపటికే కడుపులో దేవినట్టయ్యేది. అన్నం వాసన గిట్టేది కాదు. నోట్లో ఎప్పుడూ ఇనుప ముక్క పెట్టుకున్నట్టు ఒకటే రుచి. నెలలు గడిచేకొద్దీ మొహం, చేతులు నల్లబడ్డాయి. పక్క వాటావాళ్లు పలకరించడానికి బదులు తలుపు దగ్గరికి వేసుకునేవారు. అరికాళ్లు తిమ్మిరెక్కి, నేల మీద నడుస్తున్నా దూది మీద నడుస్తున్నట్టుండేది. చెబితే డాక్టరమ్మ ఒక మందు తగ్గించింది, ఇంకొకటి కలిపింది. బస్టాండు నుంచి సెలవు ఇచ్చారు. ఆమె బదులు ఎవరో కొత్తమ్మాయి చెబుతోందట, బస్సుల పేర్లు తడబడుతోందట. వినడానికి కూడా ఆమెకి ఆసక్తి లేకపోయింది.

విచిత్రమేంటంటే, దగ్గు తగ్గింది. జ్వరం లేదు. జబ్బు చేసినప్పటి కంటే మందులు మింగుతున్నప్పుడే ఆమె ఎక్కువ జబ్బు మనిషిలా ఉంది. బాగున్న ఒంటిని రోజూ పొద్దున్నే తన చేత్తోనే పాడుచేసుకోవాలి, సాయంత్రానికి కాస్త కోలుకోవాలి, మర్నాడు మళ్లీ పాడుచేసుకోవాలి. ఎన్నాళ్లని? ఒకరోజు అరచేతిలో మాత్రలు చూస్తూ ఆమె ఏమీ ఆలోచించలేదు. తమ్ముడు వంటింట్లో ఉన్నాడు. రెండు మింగి, మిగతావి గుప్పిట్లోనే పెట్టుకుని, బాల్కనీలోకెళ్లి మొక్క కుండీలో వేలితో గుంట చేసి పూడ్చేసింది. ఆ పూట కడుపులో తిప్పలేదు. ఎంత సుఖంగా ఉందో, హాయిగా నిద్ర పట్టింది. మర్నాడూ అదే పని చేసింది. ఆ మర్నాడూ.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, ఆమె మంచం మీద కూర్చుని ఉంటే తమ్ముడు వచ్చి ఎదురుగా నేల మీద చతికిలబడ్డాడు. మట్టి చేతులు.

"కుండీలో పెట్టకక్కా," అన్నాడు మెల్లగా. "నీళ్లు పోస్తే రంగు దిగి పళ్లెంలోకి వచ్చేస్తుంది. పాత మందులప్పుడు నేను మొదట్లో అక్కడే పెట్టేవాణ్ణి. తర్వాత కిటికీ కమ్మీ సందులోకి మార్చాను. నువ్వు ఊడ్చేటప్పుడు ఎలకలు తెచ్చాయనుకున్నావు చూడు, అవి."

ఆమెకి సిగ్గు ముంచుకొచ్చింది. ఇన్నాళ్లూ వాడి నోట్లో వేళ్లు పెట్టినంత పని చేసి చూసింది తనే. నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది తనే.

"నా వల్ల కావట్లేదురా," అంది. "నిజంగా కావట్లేదు. నువ్వు మానేసినప్పుడల్లా నీకు బద్ధకం అనుకున్నాను. పొగరు అనుకున్నాను."

"బద్ధకమే, కొంచెం. పొగరు కూడా." వాడు గోళ్లలో మట్టి తీసుకుంటూ అన్నాడు. "కానీ తేలిగ్గా ఉండేదక్కా. మానేసిన మొదటి రోజు పండగలా ఉండేది. జబ్బు నుంచి కాదు, మందు నుంచి తప్పించుకున్నట్టు. పైన తాడు మీద వేలాడుతుంటే కాళ్లు తిమ్మిరెక్కితే కింద పడి చస్తానని భయం. అది నీకు చెప్తే పని మానేయమంటావు. పని మానేస్తే నేనేంటి?"

"అప్పుడే చెప్పాల్సింది."

"చెప్తే వినేదానివా?"

నిజమే, ఆమె వినేది కాదు.

"నువ్వు మానేస్తే," తమ్ముడు ఇంకా తల వంచుకునే ఉన్నాడు, "ఈ మందులకి కూడా అది లొంగకుండా పోతుంది. తర్వాత ఇంకేం ఉందని నేను డాక్టరమ్మని అడిగాను. ఆవిడ పెద్దగా ఏం లేదంది." అప్పుడు తలెత్తాడు. "నాకు నువ్వు తప్ప ఎవరున్నారక్కా?"

కాసేపటికి లేచి వెళ్లి, ఆ రోజు ఆమె మింగని మాత్రలకి బదులు డబ్బాలోంచి వేరేవి, గ్లాసుతో నీళ్లు తెచ్చాడు. ఆమె మింగింది. వాడు నాలుక ఎత్తమనలేదు. ఆమె తనే నోరు తెరిచి చూపించింది. ఆ వారం మానేసిన సంగతి మర్నాడు ఆస్పత్రిలో ఇద్దరూ వెళ్లి చెప్పేశారు. డాక్టరమ్మ మొహం చిట్లించింది, మళ్లీ కఫం పరీక్ష రాసింది, వాంతులకి ముందుగా వేసుకునే మాత్ర ఒకటి ఇచ్చింది. అదృష్టం, ఏమీ చెడలేదు.

తమ్ముడి కోర్సు ముగింపుకొస్తుండగా మేస్త్రీ ఫోన్ చేశాడు. తమ్ముడు చేతులకి సబ్బుండి స్పీకరు పెట్టాడు, అందుకే అక్క కూడా విన్నది. ఆ మేస్త్రీ కోసం ఆస్పత్రి వాళ్లు ఎప్పుడో వెతికారు. తమ్ముడితో ఒకే గదిలో పడుకున్న మనిషి కాబట్టి పరీక్ష చేయాలని పాత పని దగ్గరికి వెళితే, జట్టంతా అప్పటికే వెళ్లిపోయింది, నంబరు కూడా మారిపోయింది. ఇప్పుడు తనంతట తనే దొరికాడు.

"ఏరా, బతికే ఉన్నావా? ఈ ఊళ్లోనే పని పట్టాను, వచ్చెయ్. పెద్ద మేడ..." మాట పూర్తికాలేదు. దగ్గు. ఆగి మళ్లీ దగ్గు. తమ్ముడు సబ్బు చేతులతో అలాగే నిలబడిపోయాడు. అక్క వంటింటి గుమ్మం పట్టుకుంది. దగ్గు ఆగాక మేస్త్రీ నవ్వాడు. "దుమ్మురా. మన పనే దుమ్ము కదా."

"ఎక్కడో చెప్పండి మేస్త్రీ, వస్తాను," అన్నాడు తమ్ముడు.

ఆమె కాళ్లకి ఇంకా తిమ్మిరి పూర్తిగా పోలేదు. అయినా చెప్పులేసుకుంది. "నువ్వెందుకక్కా?" అంటే, "నీ మాట ఎవడు నమ్ముతాడురా" అంది. చాలా రోజులకి వాడు నవ్వాడు.

కట్టడం సగంలో ఉంది. కిటికీల చోట కన్నాలు, మెట్లకి చేతిపట్టు లేదు. నాలుగడుగులకోసారి ఆగుతూ ఆమె పైకెక్కింది. మేస్త్రీ రంగు డబ్బాల మధ్య స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు భారీ మనిషి అయ్యుంటాడు. ఇప్పుడు చొక్కా భుజాల నుంచి జారిపోతోంది. మాస్కులు పెట్టుకొచ్చిన ఇద్దర్నీ చూసి ఆశ్చర్యపోయాడు.

తమ్ముడు చెప్పడానికి తంటాలు పడ్డాడు. ఎక్కడ మొదలుపెట్టినా మాట తెగిపోయింది. చివరికి "మీకు నా జబ్బు అంటుకుందేమో మేస్త్రీ" అనేశాడు.

"నాకు తెలీదా ఏంటి?" మేస్త్రీ తేలిగ్గా తీసిపారేశాడు. "నీ దగ్గులాగే ఉంటే నాకూ అనుమానం వచ్చింది. అందుకే నువ్వు గదిలో వదిలేసి పోయిన మాత్రలున్నాయి కదా, అవే వేసుకుంటున్నా. దగ్గెక్కువైన రోజు ఒకటి, లేకపోతే లేదు. బ్రహ్మాండంగా పనిచేశాయి. ఈమధ్యే ఎందుకో పట్టడం లేదు."

తమ్ముడు గోడకి ఆనుకుని కిందికి జారిపోయాడు. మేస్త్రీ ఏమైందన్నట్టు అక్క వైపు చూశాడు.

ఆమెకి అరవాలనిపించలేదు. ఎవరి మీద అరవాలి? ఆమె సిమెంటు బస్తా మీద కూర్చుంది.

"అన్నయ్యా," అంది, బస్టాండులో మాట్లాడినంత నిదానంగా. "మీకు వాడి జబ్బు పట్టిందో, ఇంకేదైనా దగ్గో పరీక్ష చేస్తేగానీ తెలీదు. వాడి జబ్బే అయితే ఆ మాత్రలు దాన్నేం చేయలేవు. వాడిచ్చింది నాకూ వచ్చింది. నేను కొత్త మందులు వాడుతున్నాను. వాటితో నల్లబడ్డాను, కాళ్లు తిమ్మిరెక్కాయి, మధ్యలో నేనూ మానేశాను. కానీ దగ్గు లేదు చూడండి. ఇన్ని మెట్లెక్కొచ్చాను."

మేస్త్రీ ఆమె నల్లబడ్డ చేతులు చూశాడు. "పని మధ్యలో ఉందమ్మా," అన్నాడు, కానీ ఆ మాటలో పట్టు లేదు.

"ఇంట్లో ఎవరెవరున్నారు?" అని అడిగింది.

ఆయన చేతిలో బ్రష్షు డబ్బా అంచున పెట్టి లేచాడు. మెట్లు దిగేటప్పుడు తమ్ముడు ఆయన్ని మోచేయి దగ్గర పట్టుకున్నాడు. ఆయన వద్దనలేదు.

మేస్త్రీ రిపోర్టు అనుకున్నట్టే వచ్చింది. ఇంట్లోవాళ్లకీ పరీక్షలు చేశారు. వాళ్లకి అంటలేదు. ఆ మాట విన్నప్పుడు డాక్టరమ్మ గదిలో తమ్ముడు కళ్లు తుడుచుకోవడం ఆమె చూడనట్టు నటించింది. తర్వాత కొన్నాళ్లకి వాడి మందులు అయిపోయాయి. తాళ్ల మీద వేలాడే పనికి మళ్లీ వెళ్లలేదు. గదుల లోపల రంగులు వేసే పని చూసుకున్నాడు. ఆమెకి ఇంకా మిగిలి ఉన్నాయి. కఫంలో పురుగు పోయిందని తేలాక, రోజూ ఓ పూట బస్టాండుకి వెళ్లడం మొదలుపెట్టింది.

మందుల కోసం వెళ్లిన ఒకరోజు ఆస్పత్రి బెంచీ మీద మేస్త్రీ భార్య వచ్చి ఆమె పక్కన కూర్చుంది. ఆవిడ మోకాళ్ల మీద సంచి రెండు చేతులతో పట్టుకుని ఉంది. ఆ సంచిలో ఏముందో మైకక్కకి తెలుసు.

"వదినా, ఇవి తినిపిస్తే తగ్గుతుందంటారా?" అని అడిగింది ఆవిడ.

"నాకు తగ్గుతోంది."

"ఆయనకి ఓర్పు తక్కువ. మధ్యలో మానేస్తారేమోనని భయంగా ఉంది. ఎలా కాపలా కాయను?"

మైకక్క ఒకప్పుడైతే ఎలా నిలబడాలో, నాలుక ఎలా ఎత్తించాలో పూస గుచ్చినట్టు చెప్పేది.

"మానేయాలనిపిస్తుంది వదినా. కచ్చితంగా అనిపిస్తుంది," అంది. "అనిపించినప్పుడు దాచిపెట్టొద్దని చెప్పండి. నాకు ఫోన్ చేయమనండి. తిట్టనులెండి."

ఆవిడ ఫోను బయటికి తీసింది. మైకక్క నంబరు చెప్పింది. ఆవిడ ఒక్కో అంకె తప్పు పోకుండా నొక్కి, మళ్లీ చదివి వినిపించింది. తలుపు అవతల మేస్త్రీ దగ్గుతున్నాడు. అది తెరిపిచ్చాక ఆవిడ సంచి తీసుకుని లేచింది.